రెండు గుబ్బల మీద విమానం

అంబాజీపేట దాటాక, కాలవ గట్టు పక్కనున్న వడ్రంగి షెడ్డులోకి తల వంచి రండి. ఫ్యాను ఆపేశారు. కిటికీలు మూసేశారు. బయట సముద్రపు గాలికి కొబ్బరి మట్టలు కొట్టుకుంటున్న చప్పుడు వినబడుతూనే ఉంటుంది, మీ చొక్కా మాత్రం వీపుకి అతుక్కుపోతుంది. తప్పదు. ఇక్కడ తూచబోయేది 600 గ్రాముల ఫోమ్ విమానాన్ని. ఫ్యాను తిరిగితే అది గాలి మాటే వింటుంది.

"అబ్బాయ్, మట్టం చూశావా?" అంటాడు మేస్త్రీ.

అమలాపురంలో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు రసమట్టం తెచ్చి బల్ల మీద పెడతాడు. బల్ల కాలి కింద ఒక చెక్కపేడు దూర్చాక బుడగ మధ్యకొచ్చి ఆగుతుంది.

విమానం బరువు కేంద్రం ఎక్కడుందో చెప్పే సాధనం చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. అడుగున చిత్రిక పట్టిన చెక్క, దాని మీద 300 మిల్లీమీటర్ల వెదురు కర్రలు రెండు. కనుమనాటి జగ్గన్నతోట తీర్థానికి ప్రభ కట్టగా మిగిలిన వెదురు అది. ఒక కర్ర కదలదు. రెండోది గాడిలో జరుగుతుంది, విమానం పొట్ట ఎంత లావున్నా మధ్యలో పట్టాలి కదా. కర్రల తలల మీద పెన్సిళ్ళ వెనకుండే రబ్బరు గుబ్బలు. కొనే సాధనాల్లోనూ కొన్ని ఇంతకుమించి చేసేదేం లేదు.

పనితనమంతా గుబ్బల ముందున్న అడ్డబద్దల్లో ఉంది. రెక్క వెడల్పు 200 మిల్లీమీటర్లు. బరువు కేంద్రం ముందు అంచు నుంచి 25, 30 శాతం మధ్య పడాలి. కుర్రాడు 55 దగ్గర గీత గీశాడు. అడ్డబద్దకి రెక్క అంచు తగిలితే గుబ్బ సరిగ్గా ఆ గీత కిందికొస్తుంది. రెండు పక్కలా దూరం ఒకటేనా అని మేస్త్రీ మూలమట్టం ఆనించి మళ్ళీ చూస్తాడు.

"ఇక అడ్డం తీసెయ్. ఉంటే అదే మోసేస్తుంది."

అందుకే ఆ బద్దల్ని ఒక్క మేకు మీద తిరిగేలా బిగించాడు. రెక్క కుదురుకున్నాక కిందికి తిప్పేస్తే చాలు. విమానాలు ఎగరేసే కుర్రాడికి తట్టని సంగతి ఇది.

బ్యాటరీ, ప్రొపెల్లరు, అన్నీ బిగించే తూచాలి. ఇది పొట్ట మీద రెక్క ఉన్న విమానం కనక మామూలుగానే నిలబెడతారు. కింద రెక్కదైతే వెల్లకిలా పెట్టాలి. కుర్రాడు వేళ్ళు వదలగానే తోక చటుక్కున దిగిపోతుంది.

ఇలాగే ఎగరేస్తే? గాలి తగిలి ముక్కు కాస్త లేచినప్పుడు తోక దాన్ని కిందికి దింపాలి. బరువు బాగా వెనకుంటే దింపలేదు, ముక్కు ఇంకా లేస్తుంది, వేగం చచ్చి విమానం వరిచేలో పడుతుంది. రైట్ సోదరులకీ ఈ బాధ తప్పలేదు. 1904లో రెండో విమానం ముక్కుకి 70 పౌండ్ల దాకా ఇనుము కట్టుకున్నారు.

విమానాన్ని కొంచెం కొంచెంగా జరిపితే 63 దగ్గర మట్టంగా నిలుస్తుంది. అంటే 8 మిల్లీమీటర్లు తేడా. కుర్రాడు గోడ మీదే సుద్దతో వేస్తాడు: 600ని 8తో గుణిస్తే 4800. దాన్ని బ్యాటరీ బరువుతో భాగిస్తే, 110 గ్రాముల బ్యాటరీని 44 మిల్లీమీటర్లు ముందుకి జరపాలి. పొట్టలో చోటు 30కే ఉంది.

"కావడిలా అన్నమాట," అంటాడు మేస్త్రీ. "బరువు తగ్గితే బద్ద పొడుగు వాడుకోవాలి."

"అవును బాబాయ్. బ్యాటరీ 30 జరిగాక 4800లో మిగిలే 1500కి ముక్కు చివర సీసం. గుబ్బల నుంచి అక్కడికి 220."

ఏడు గ్రాములు. విసురువల అంచుకి కట్టే సీసం గుళ్ళు డబ్బాలో ఉన్నాయి, కాటా మీద వేసి తూస్తారు. తోకలో దండగ బరువు పెట్టకూడదనేది ఇందుకే. గుబ్బల నుంచి చూస్తే ఈ విమానం తోక ముక్కుకన్నా మూడింతల దూరంలో ఉంది. అక్కడ ఒక్క గ్రాము తగ్గించుకుంటే ఇక్కడ మూడు గ్రాములు కలిసొస్తాయి.

గుళ్ళు టేపుతో అంటించి మళ్ళీ ఎక్కిస్తారు. ముక్కు కొద్దిగా ఊగి మట్టానికి ఆగుతుంది.

"అయితే అయిపోయినట్టేనా?"

"లేదు బాబాయ్, కుడి ఎడమలు చూడాలి. దానికి ముక్కు దగ్గరొక గుబ్బ, తోక దగ్గరొకటి ఆనించాలి. కర్రలు ఇంకా దూరం జరగాలి."

మేస్త్రీ గాడి వంక చూస్తాడు. రంపం అందుకుని, "ఎంత దూరం?" అంటాడు.