‘లేదు’ అంటే లేదనేనా?

లినక్స్ మీద ఏదో ఒక ప్రోగ్రాముని సోర్సు కోడు నుంచి కట్టుకున్నవాళ్ళకి ఈ దృశ్యం గుర్తుండే ఉంటుంది. కాన్ఫిగర్ అని కొట్టి ఎంటర్ నొక్కగానే నల్లటి తెర మీద వరసలు పరిగెత్తడం మొదలవుతుంది. సి కంపైలర్ పనిచేస్తోందా? చేస్తోంది. ఫలానా ఫైలు ఉందా? ఉంది. ఫలానా ఫంక్షన్ ఉందా? లేదు. రైలు ఆగని స్టేషన్ల పేర్లు కిటికీలోంచి చూసినట్టు వాటిని చూస్తాం. చదవం. చివర్లో ఎర్రర్ రాకపోతే చాలు, టీ తాగడానికి లేస్తాం.

ఆ వరసల్లో ఒక్కొక్కటీ ఒక ప్రశ్న. జవాబులు దాదాపు ఎప్పుడూ రెండే: ఉంది, లేదు. ఈ వ్యాసం ఆ రెండో జవాబు గురించి. యంత్రం ‘లేదు’ అన్నప్పుడు నిజంగా లేదనా, లేక మనం అడిగింది దానికి అర్థం కాలేదనా? ఈ తేడాని పెద్దగా పట్టించుకోకుండానే సాఫ్ట్‌వేర్ లోకం ముప్పై ఏళ్ళు నడిచింది. 2024లో ఆ సందులోంచి ఒక చుక్క లోపలికొచ్చింది. అక్షరాలా చుక్కే, ఫుల్‌స్టాప్. దాని దగ్గరికి వెళ్ళాలంటే ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మనిషి రాసిన ప్రోగ్రాముని ప్రాసెసర్‌కి అర్థమయ్యే ఆదేశాలుగా మార్చేది కంపైలర్. ఏ ఫైలు ముందు, ఏది తర్వాత, ఏది మారితే దేన్ని మళ్ళీ కంపైల్ చెయ్యాలి అన్న లెక్క చూసుకునేది బిల్డ్ సిస్టమ్. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన ‘మేక్’ ఈ పనిని స్థిరపరిచింది. అయితే ‘మేక్’కి తను ఏ యంత్రం మీద ఉన్నానన్న ధ్యాస లేదు. అప్పటికి ఆ అవసరమూ అంతగా లేదు. యూనిక్స్ అంటే ఇంచుమించు ఒకటే యూనిక్స్.

పదేళ్ళు తిరక్కుండానే ఆ ఇల్లు వాటాలు పడింది. ఏటీ అండ్ టీ వాళ్ళ సిస్టమ్ ఫైవ్ ఒకవైపు, బర్కిలీ యూనివర్సిటీ వాళ్ళ బీఎస్‌డీ ఒకవైపు, వాటినుంచి సన్, హెచ్‌పీ, డెక్, ఐబీఎం ఎవరికి వాళ్ళు చేసుకున్న రకాలు. ఒక పదంలో ఫలానా అక్షరం ఎక్కడుందో వెతికిపెట్టే చిన్న ఫంక్షన్‌ని బర్కిలీ వాళ్ళు ‘ఇండెక్స్’ అన్నారు. సిస్టమ్ ఫైవ్ వాళ్ళు అదే పనికి ‘ఎస్‌టీఆర్‌సీహెచ్‌ఆర్’ అన్నారు. సొరకాయ, ఆనపకాయ లాంటి వ్యవహారం. కూర ఒకటే. కానీ ఆనపకాయ అనే ఊళ్ళో సొరకాయ కావాలని అడిగితే, ఆ మాట తెలియనివాడు ఎదురుగా కుప్ప పోసుకుని కూడా లేదనే అంటాడు.

మొదట్లో దీనికి విరుగుడు పేర్ల జాబితా. ఇది సన్ అయితే ఇలా, వ్యాక్స్ అయితే అలా అని కోడు నిండా షరతులు రాసేవాళ్ళు. కొత్త యంత్రం మార్కెట్లోకి వచ్చినప్పుడల్లా ప్రతి ప్రోగ్రాములోనూ ఇంకో షరతు. పైగా పేరుని బట్టి గుణం చెప్పలేం. వచ్చే ఏడాది సన్ వాళ్ళు ఆ ఫంక్షన్ చేరిస్తే, సన్ అంటే అది లేనిది అని రాసిపెట్టుకున్న ప్రోగ్రాములన్నీ తప్పైపోతాయి.

1984లో ల్యారీ వాల్ అనే ఆయన ‘ఆర్ఎన్’ అనే వార్తలు చదివే ప్రోగ్రాము రాశాడు. తర్వాత పెర్ల్ భాషని సృష్టించింది ఈయనే. చదువుకున్నది భాషాశాస్త్రం. బహుశా అందుకే యంత్రం పేరుతో సరిపెట్టుకోకుండా దాన్ని మాట్లాడించాలన్న ఆలోచన వచ్చిందేమో. ప్రోగ్రాముతో పాటు ‘కాన్ఫిగర్’ అనే స్క్రిప్టు పంపాడు. అది సిస్టమ్ అంతా తడిమి చూసి, తేలనివాటిని ఎదురుగా కూచున్న మనిషిని అడుగుతుంది. పెర్ల్‌తో వచ్చే కాన్ఫిగర్‌కి హాస్యం కూడా ఉంది: యూనిస్ అనే తలనొప్పి సిస్టమ్ మీద మీరు లేరని తేలితే అభినందనలు చెబుతుంది.

1991 జూన్ నాటికి డేవిడ్ మెకెంజీ ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌లో గ్నూ ప్రోగ్రాములు చాలావాటి బాగోగులు చూస్తున్నాడు. వాటిని కట్టుకునేవాళ్ళు చేత్తో ఎంచుకోవాల్సిన ఆప్షన్లు 20 దాకా పెరిగాయి. ఒక్కటి తప్పు ఎంచినా ప్రోగ్రాము కట్టడం మధ్యలో ఆగుతుంది, లేదా కట్టాక తప్పుగా నడుస్తుంది. ఆయన ముందు కొన్నిటిని ఊహించే చిన్న షెల్ స్క్రిప్టు రాసుకున్నాడు. అలాంటివి ప్రతి ప్రోగ్రాముకీ విడివిడిగా రాయలేక, స్క్రిప్టులని పుట్టించే స్క్రిప్టు రాశాడు. అదే ఆటోకాన్ఫ్. మనిషిని ఏమీ అడగదు. యంత్రాన్నే అడుగుతుంది.

ఎలా అడుగుతుంది? ఇక్కడే ఉంది అసలు కథంతా. ఫలానా ఫంక్షన్ ఉందా అని తెలుసుకోవాలంటే దాన్ని పిలిచే నాలుగు లైన్ల సి ప్రోగ్రాము రాసి కంపైలర్‌కిస్తుంది. ప్రోగ్రాము తయారైతే ఉంది. తయారు కాకపోతే లేదు. అంతే. ఇందులో ఒక గొప్ప వినయం ఉంది. నువ్వెవరో నాకనవసరం, నీకేం వచ్చో చేసి చూపించు అనడం. రేపు పుట్టబోయే సిస్టమ్‌ని కూడా ఇదే ప్రశ్న అడగొచ్చు. అందుకే అది అన్ని దేశాల కోడులోకీ పాకింది.

ఇదే పద్ధతిలో కంపైలర్‌ని పేరు అడిగే పరీక్ష ఒకటుంది. జీసీసీ కంపైలర్ తన గుర్తుగా లోపల ఒక పేరుని ముందే నిర్వచించి పెట్టుకుంటుంది. ఆ గుర్తు కనిపించకపోతే కంపైలర్‌కి ఏం చదివించాలి? పాత కాన్ఫిగర్ స్క్రిప్టులు తెరిచి చూస్తే ఆ చోట ‘చోక్ మీ’ అని ఉంటుంది. నా గొంతు నొక్కు అని. అది సి భాష కాదు, ఏ కంపైలరూ ఒప్పుకోదు. ఒప్పుకోకూడదనే రాశారు. కంపైల్ చెడుతుంది, జవాబు ‘లేదు’ అని నమోదవుతుంది. అంటే కావాలని ఒక అర్థం లేని మాట పెట్టి ‘లేదు’ని పుట్టించడం ఈ లోకంలో మొదట్నుంచీ మామూలు విద్యే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరపడుతుంది.

ఇప్పటిదాకా ప్రోగ్రాము కట్టే యంత్రమూ, అది నడిచే యంత్రమూ ఒకటే అనుకున్నాం. మన జేబులో ఉన్న ఫోనుకి ఆపరేటింగ్ సిస్టమ్ ఆ ఫోనులో కట్టరు. ఇంకెక్కడో పెద్ద యంత్రం మీద కడతారు. దీన్నే క్రాస్ కంపైల్ అంటారు. గ్నూ వాళ్ళు దీనికోసం ప్రతి యంత్రానికీ గోత్రనామాల్లాంటి పేరు పెట్టారు: ప్రాసెసర్, తయారీదారు, సిస్టమ్. ఉదాహరణకి ‘ఎక్స్86_64-పీసీ-లినక్స్-గ్నూ’. కంపైలర్‌ని కట్టేటప్పుడు ఇలాంటి పేర్లు మూడు కావాలి. ఏ యంత్రం మీద కడుతున్నాం (బిల్డ్), ఏ యంత్రం మీద అది నడుస్తుంది (హోస్ట్), ఏ యంత్రం కోసం అది కోడు తయారుచేస్తుంది (టార్గెట్). మూడూ వేరువేరైతే దాన్ని కెనేడియన్ క్రాస్ అంటారు. ఈ చర్చ జరుగుతున్న రోజుల్లో కెనడాలో జాతీయ పార్టీలు మూడుండేవని ఆ పేరు.

ఈ పేర్లు చూసి పోల్చుకోవడానికి ‘కాన్ఫిగ్.గెస్’, ‘కాన్ఫిగ్.సబ్’ అని రెండు ఫైళ్ళు ప్రతి ప్రాజెక్టులోనూ కాపీ అయి ఉంటాయి. మళ్ళీ పేర్ల జాబితాయే, దొడ్డిదారిన తిరిగొచ్చింది. 64 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్ వచ్చినప్పుడు ఆ కాపీలకి ‘ఏఆర్చ్64’ అన్న పేరు తెలీదు. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోని ప్రాజెక్టుల్లో ఆ పాత కాపీలే ఉండిపోయాయి. ఈ యంత్రాన్ని గుర్తుపట్టలేనని చెప్పి ఆగిపోయాయి. డెబియన్ వాళ్ళు ప్యాకేజీ వెంట ప్యాకేజీలో ఆ ఫైళ్ళని కొత్తవాటితో మార్చుకుంటూ పోవాల్సొచ్చింది. విసుగు పని, నిజమే. కానీ ఒక మేలుంది: తెలీదని పైకి చెప్పి మరీ ఆగాయి.

ఆటోకాన్ఫ్ పరీక్షలన్నీ అంత నిజాయితీగా ఉండవు. కొన్ని సంగతులు కంపైల్ చేస్తే తేలవు, ప్రోగ్రాముని నడిపి చూడాలి. సున్నా బైట్ల మెమరీ ఇమ్మంటే ‘మాలక్’ ఏం తిరిగిస్తుంది అన్నది అలాంటిదే. క్రాస్ కంపైల్‌లో నడిపి చూడటం కుదరదు, ఆ ప్రాసెసర్ ఇక్కడ లేదు మరి. అప్పుడు పాత ఆటోకాన్ఫ్ ఏం చేసిందంటే, చెడ్డదే అయివుంటుందని ఊహించి, సరైన మాలక్‌కి బదులు ‘ఆర్‌పీఎల్_మాలక్’ అనే ప్రత్యామ్నాయాన్ని వాడమంది. ఆ ప్రత్యామ్నాయం చాలా ప్రాజెక్టుల్లో ఎవరూ రాసి ఉండరు. చిన్న బోర్డులకి ప్రోగ్రాములు కట్టే పని చేసినవాళ్ళలో, ఆ పేరుతో ఎర్రర్ చూసి ఒక రాత్రి పాడుచేసుకోని వాళ్ళు తక్కువ. తెర మీద మాత్రం ‘తెలీదు’ అని ఉండదు. ‘నో’ అనే ఉంటుంది.

ఇంకోవైపు, కంపైలర్లు కూడా అబద్ధాలాడటం నేర్చాయి. 2007లో బయటికొచ్చిన క్లాంగ్ జీసీసీ కాదు. కానీ నువ్వు జీసీసీవా అని అడిగితే అవును, 4.2.1 అంటుంది. అలా అనకపోతే అప్పటికే లోకంలో ఉన్న కోడు దానితో సరిగ్గా కంపైల్ కాదు. ప్రతి బ్రౌజరూ తన పేరు మొజిల్లా అని చెప్పుకోవడం లాంటిదే ఇది. దాంతో ‘చోక్ మీ’ పరీక్షలో క్లాంగ్ దర్జాగా పాసయింది. చివరికి 2020 డిసెంబరులో వచ్చిన ఆటోకాన్ఫ్ 2.70 ప్రశ్ననే మార్చుకుంది. ఇది గ్నూ కంపైలరేనా అని అడగడం మానేసి, గ్నూ సి వచ్చా అని అడుగుతోంది.

సీమేక్ ఇంకో దారి పట్టింది. అమెరికా వైద్య గ్రంథాలయం డబ్బుతో నడిచిన వైద్యచిత్రాల ప్రాజెక్టు కోసం కిట్‌వేర్ సంస్థలో 1999 ప్రాంతంలో మొదలైన బిల్డ్ సిస్టమ్ ఇది. కంపైలర్‌ని గుర్తుపట్టడానికి ఒక చిన్న ప్రోగ్రాము కంపైల్ చేస్తుంది, నడపదు. కంపైలర్ పేరు, వర్షన్, ప్రాసెసర్ పేరు అక్షరాలుగా ఆ ప్రోగ్రాము పొట్టలో ఉండిపోయేలా రాస్తారు. తయారైన ఫైలుని తెరిచి ఆ అక్షరాలు వెతుక్కుంటుంది. ఏ ప్రాసెసర్ కోసం కట్టినా చదవొచ్చు. పేరు అడిగే క్రమంలో కూడా జాగ్రత్త ఉంది: ముందు నువ్వు క్లాంగ్‌వా అని అడిగాకే జీసీసీవా అని అడుగుతుంది. ఎవరు ఎవరి వేషం వేస్తారో తెలిసిన పద్ధతి అది. అయినా ఫంక్షన్లు, ఫైళ్ళ గురించి అడిగేటప్పుడు సీమేక్‌దీ అదే పాత సూత్రం: కంపైల్ అయితే ఉంది, కాకపోతే లేదు.

2023లో క్లాంగ్ 16, ఆ మరుసటి ఏడు జీసీసీ 14 ఒక నిర్ణయం అమల్లో పెట్టాయి. ముందు ప్రకటించకుండా ఫంక్షన్‌ని పిలవడం 1999 నాటి ప్రమాణంలోనే తీసేశారు. ఇన్నాళ్ళూ కంపైలర్లు హెచ్చరించి ఊరుకునేవి. ఇక తప్పు అన్నాయి. మంచి పనే. కానీ పాత కాన్ఫిగర్ స్క్రిప్టుల్లోని ప్రశ్నలు ఆ పాత వ్యాకరణంలోనే ఉన్నాయి. ఫంక్షన్ ఉంది, కానీ ప్రశ్నలో వ్యాకరణ దోషం ఉంది కాబట్టి జవాబు ‘లేదు’. ఎర్రర్ రాదు. ప్రోగ్రాము కట్టడం పూర్తవుతుంది, ఏదో ఒక సామర్థ్యం చప్పుడు లేకుండా పోతుంది. ఫెడోరా, జెంటూ వాళ్ళు ఇలాంటి దొంగ ‘లేదు’ల కోసం ప్యాకేజీల వెంటపడి తిరిగారు.

ఇప్పుడు ఆ చుక్క దగ్గరికి వద్దాం.

ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్ళని కుదించే సాఫ్ట్‌వేర్, లినక్స్ సిస్టముల్లో అంతటా ఉంటుంది. దాని మీద రెండేళ్ళకి పైగా ఓపిగ్గా పనిచేసి నమ్మకం సంపాదించిన జియా టాన్ అనే మారుపేరు మనిషి, 2024 ఫిబ్రవరిలో విడుదలైన 5.6.0 వర్షన్లో దొడ్డితలుపు పెట్టాడు. మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డెవలపర్ దాన్ని బయటపెట్టాడు. ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందని అనుమానమొచ్చి తవ్వుకుంటూ వెళితే దొరికింది. ఆ తలుపు తాళంచెవి దాచిన చోటు ఆటోకాన్ఫ్ వాడే ఒక ఎం4 ఫైలు. మార్చిన ఫైలు అందరూ చూసే గిట్‌లో లేదు, విడుదల చేసిన టార్‌బాల్‌లో మాత్రమే ఉంది. అది మన పాత గోత్రనామాలనే వాడుకుంది: యంత్రం పేరు ఎక్స్86_64తో మొదలై లినక్స్-గ్నూతో ముగుస్తోందా, కంపైలర్ జీసీసీయేనా అని చూసుకుని, అవునంటేనే పని మొదలుపెట్టేది. పరీక్షలు చేసే పద్ధతిని ఎవరూ చదవరని దొంగకి బాగా తెలుసు.

దాని పక్కనే ఇంకో చిన్న పని జరిగింది. ల్యాండ్‌లాక్ అనే సౌకర్యం లినక్స్ కెర్నెల్‌లో ఉంది. ఒక ప్రోగ్రాము తనకి సంబంధం లేని ఫైళ్ళ జోలికి పోకుండా కట్టడి చేస్తుంది. ఎక్స్‌జెడ్ దాన్ని వాడుకోవాలంటే అది ఉందో లేదో కట్టేటప్పుడు తెలియాలి. 5.6.0 వచ్చిన రెండు రోజులకి, ఆ పరీక్షని సరిచేస్తున్నామన్న పేరుతో ఒక మార్పు చేరింది. సీమేక్ పరీక్షా ప్రోగ్రాము మధ్యలో, ఒక ఖాళీ లైన్లో, ఒక చుక్క పడింది. సి భాషలో ఆ చోట చుక్కకి అర్థం లేదు. కంపైల్ చెడుతుంది. ల్యాండ్‌లాక్ ఉందా? లేదు. సీమేక్‌తో కట్టుకున్న ప్రతి చోటా, ఏ యంత్రం మీదైనా, ఎప్పటికీ లేదు.

‘చోక్ మీ’ గుర్తుందా? అదే విద్య. ఒకటి పైకి కనపడేలా నవ్వుతూ రాసింది, ఇంకోటి కంటికి ఆనకుండా రాసింది. వ్యవస్థకి ఆ రెంటికీ తేడా తెలియదు. దొడ్డితలుపు గుట్టు రట్టయిన మర్నాడే ఎక్స్‌జెడ్ అసలు నిర్వాహకుడు ఆ చుక్కని తీసేశాడు.

ఇంత జరిగినా ఆటోకాన్ఫ్‌ని తిట్టబుద్ధి కాదు. పేరు చూసి తీర్పు చెప్పకుండా చేసి చూపించమని అడగడం మంచి పద్ధతే. లోపమంతా ఆ జవాబుని మనం కుదించేయడంలో ఉంది. చేతకాలేదు, అర్థం కాలేదు, చూసే వీల్లేకపోయింది, నిజంగానే లేదు – ఈ నాలుగింటినీ ఒక్క ‘నో’లోకి నొక్కేశాం.

అలాగని కంపైలర్ తన కారణం చెప్పకుండా ఏమీ ఊరుకోలేదు. ‘కాన్ఫిగ్.లాగ్’ అని ఒక ఫైలుంటుంది. ప్రతి పరీక్షకీ ఏ ప్రోగ్రాము రాసిందీ, కంపైలర్ ఏమని తిరస్కరించిందీ అందులో పూసగుచ్చినట్టు ఉంటుంది. సీమేక్‌కీ అలాంటి లాగ్ ఉంది. ఆ చుక్క మీద కంపైలర్ చేసిన ఫిర్యాదు, లైను నంబరుతో సహా, దాన్ని కట్టుకున్న యంత్రాల్లోని లాగ్‌లో పడే ఉంటుంది. ఈసారి తెర మీద ‘నో’ అని వరస పరిగెత్తితే, టీకి లేచేముందు ఆ ఫైలొకటి తెరిచి చూడండి.