ప్రహరీ లోపలి చెట్టు

రోడ్డు పక్క చెట్టు కొడితే నలుగురూ చూస్తారు. ప్రహరీ లోపలి వేపను కూల్చేస్తే మర్నాటికి అక్కడ పునాది గుంతే మిగులుతుంది. హైదరాబాద్ పాత బంగళాల తోటలు చాలావరకు ఇలాగే అపార్ట్‌మెంట్ల కింద కలిసిపోయాయి.

ఇలా మాయమైన చెట్లను పట్టుకోవాలంటే నగరం పాత రూపం ఎక్కడో నమోదై ఉండాలి. 1908 మూసీ వరద తర్వాత లియొనార్డ్ మన్ నాయకత్వంలో నగరాన్ని వివరంగా సర్వే చేసి పటాలు గీశారు. ఆ తర్వాత చూపు ఆకాశానికెక్కింది. 1972లో ల్యాండ్‌శాట్ ఉపగ్రహం వచ్చింది. 1974లో జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ హైదరాబాద్‌లోనే వెలిసింది. 1979 నుంచి షాద్‌నగర్ కేంద్రం ల్యాండ్‌శాట్ చిత్రాలను అందుకుంది.

ఉపగ్రహం పచ్చదనాన్ని పసిగట్టే కిటుకు ఆకులోనే ఉంది. పచ్చని ఆకు ఎర్రటి కాంతిని మింగేసి, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని బాగా వెనక్కి కొడుతుంది. రెండు కాలాల చిత్రాల్లో ఈ తేడాను పోలిస్తే పచ్చదనం ఎక్కడ పోయిందో తెలుస్తుంది. కానీ తొలి ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద దాదాపు 80 మీటర్లు! అందులో పెరటి మామిడి ఏం కనబడుతుంది? 2005లో కార్టోశాట్-1 ఉపగ్రహం నలుపు-తెలుపు చిత్రాల్లో చుక్కను రెండున్నర మీటర్లకు దించింది. అయినా తిప్పలు తప్పలేదు: మేడల నీడలు, ఆకురాలు కాలం, చెట్టులాగే పచ్చగా కనిపించే పచ్చిక.

2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం సొంత స్థలంలోని చెట్టు కొట్టాలన్నా ముందు అనుమతి కావాలి. ఉపగ్రహం మాత్రం కొట్టేశాకే చెబుతుంది. ఎవరు కొట్టారో, అనుమతి ఉందో లేదో తేల్చాల్సింది కాగితాలు తిరగేసే అధికారే.