అన్నం తినేవాళ్ళు కనిపెట్టిన రొట్టె యంత్రం

రొట్టె మీద బతికే దేశాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. వీధికొక బేకరీ, ఇంటింటా ఓవెన్ ఉన్న ఊళ్ళు యూరప్ అంతటా కనిపిస్తాయి. అయినా పిండి, నీళ్ళు, ఉప్పు, ఈస్టు వేసి మూత పెడితే నాలుగు గంటల్లో కాలిన బ్రెడ్డును చేతికందించే ఇంటి యంత్రం ఆ దేశాల్లో పుట్టలేదు. అన్నం తినే జపాన్‌లో పుట్టింది. పెగడపల్లి వైపు నుంచి ఆ యంత్రం పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకోవాలనిపించింది అందుకే.

జగిత్యాల జిల్లాలోని ఈ మండలం వరి, మక్కలు పండే నేల. ఇక్కడ బువ్వ అంటే అన్నం. రొట్టె అంటే పెంక మీద కాలే జొన్న రొట్టె. మైదాతో పొంగించి కాల్చిన డబల్ రొట్టె ఒకప్పుడు జ్వరం వచ్చినప్పుడే ఇంట్లోకి వచ్చేది. పాలల్లో నానబెట్టి రోగికి తినిపించేవారు. పట్నంలో అదే బ్రెడ్డును నెయ్యిలో వేయించి, పాకంలో, పాలల్లో ఊరేసి డబల్ కా మీఠా చేసి పెళ్ళి విందుల్లో వడ్డించారు. పల్లెలో మందుగోలీల పక్కన, పట్నంలో బిర్యానీ పక్కన దానికి చోటు దొరికింది. కానీ రెండు చోట్లా అది బేకరీ నుంచి కొని తెచ్చేదే. ఇంట్లో భట్టీ లేదు. ఎలా చేయాలో చూపించడానికి చేయి తిరిగిన అవ్వ లేదు. యంత్రం పుట్టింది సరిగ్గా ఇలాంటి లోటులోంచే.

పొంగిన రొట్టెను మన దేశపు పడమటి తీరానికీ, జపాన్‌కూ తెచ్చినవాళ్ళు ఒక్కరే. పోర్చుగీసువాళ్ళు 1510లో గోవాను పట్టుకున్నారు. 1543లో జపాన్ దక్షిణాన తనెగాషిమా దీవిలో దిగారు. గోవాలో పిండిని పులియబెట్టడానికి వాళ్ళ దేశపు ఈస్టు లేకపోతే, రొట్టెలు చేసేవాళ్ళు కొబ్బరి కల్లు పోసి పొంగించారు. ఈ సంగతి మన దగ్గర ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. తాటిచెట్టుకు కట్టిన లొట్టిలో తెల్లారేసరికి నురగ లేపేదీ, బేకరీలో మైదాను ఉబ్బించేదీ ఒకే జాతి సూక్ష్మజీవి, శాకరోమైసెస్ సెరెవీసియే. అది చక్కెరను తిని ఆల్కహాలునూ, బొగ్గుపులుసు వాయువునూ వదులుతుంది. కల్లులో వాయువు గాల్లో కలిసిపోయి మత్తు మిగులుతుంది. రొట్టెలో ఆల్కహాలు పొయ్యి వేడికి దాదాపుగా ఎగిరిపోయి, వాయువు చేసిన గదులు మిగులుతాయి. పులియడం బతికున్న జీవి చేసే పని అని 1857 నుంచి లూయీ పాశ్చర్ చేసిన పరిశోధనలు నిలబెట్టాయి. తర్వాతి దశాబ్దాల్లో ఈస్టును కార్ఖానాల్లో పెంచి అమ్మే వ్యాపారం పెరిగింది. పాడవకుండా నిలిచే పొడి ఈస్టు రెండో ప్రపంచ యుద్ధం నాటికి సైన్యాల వంటశాలలకు చేరింది. బజార్లో పొడి ఈస్టు పొట్లం దొరకకపోతే ఇంటి బ్రెడ్ యంత్రానికి పనే లేదు.

ఈస్టు ఒక సగం. రెండో సగం పిసకడం. గోధుమ పిండిలో నీళ్ళు పోసి పిసికితే దానిలోని మాంసకృత్తులు అల్లుకుని గ్లూటెన్ అనే సాగే వల తయారవుతుంది. ఈస్టు వదిలిన వాయువును పట్టి ఉంచేది ఆ వలే. చేత్తో అయితే పది పదిహేను నిమిషాలు ఒంటి బరువంతా వేసి నెట్టి, మడిచి, తిప్పి, మళ్ళీ నెట్టాలి. వందల రొట్టెలు చేసే బేకరీలో ఈ పనికే మనుషుల నడుములు విరిగేవి. బానిసత్వం రాజ్యమేలే రోజుల్లో, 1849లో అమెరికాలోని చార్లెస్టన్‌లో పుట్టిన జోసెఫ్ లీ అనే నల్లజాతీయుడు చిన్నతనంలోనే బేకరీ పనికి కుదిరాడు. పెద్దయ్యాక బోస్టన్ దగ్గర హోటలు నడిపాడు. 1894లో పిండి పిసికే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడు, మిగిలిపోయిన రొట్టెను పొడి చేసే యంత్రానికి కూడా. రొట్టె యంత్రాల చరిత్రలో ఈయన పేరు ముందు వరసలో ఉండాలి. ఆ పని కష్టం తన చేతులకు తెలిసినవాడు చేసిన యంత్రం అది.

ఇంటికి వచ్చిన మొదటి సాధనాలు చేతి తిప్పుడువి. కనెటికట్ రాష్ట్రంలోని న్యూ బ్రిటన్ ఊళ్ళో లాండర్స్, ఫ్రేరీ అండ్ క్లార్క్ కంపెనీ 'యూనివర్సల్' పేరుతో ఒక డబ్బా అమ్మింది. డబ్బాలో వంకర కొక్కెం, పైన తిప్పే చేతిపిడి. 1904 సెయింట్ లూయీ ప్రదర్శనలో దానికి బంగారు పతకం వచ్చింది. ముందు నీళ్ళు, పాలు పోయాలని, తర్వాత పిండి వేయాలని, మూడు నిమిషాలు తిప్పాలని మూత మీదనే ముద్రించారు. ఇవాళ్టి చాలా యంత్రాలతో వచ్చే పుస్తకాల్లో కూడా అదే వరస కనిపిస్తుంది. అయితే ఆ డబ్బా పిండిని పిసికేదే తప్ప పొంగించి కాల్చేది కాదు.

ఇల్లాలికి డబ్బా అమ్ముతూనే, ఇంకో పక్క రొట్టెను ఇంటి నుంచి లాగేసుకున్నది కార్ఖానా. 1928 జులైలో మిస్సోరీలోని చిల్లికోత్ బేకరీ, ఒట్టో రోవెడర్ చేసిన యంత్రంతో కోసిన బ్రెడ్డును అమ్మకానికి పెట్టాక ఇంట్లో కాల్చుకోవడం ఇంకా వేగంగా తగ్గింది. మన దేశంలో ప్రభుత్వమే 1965లో మోడరన్ బేకరీస్ సంస్థను పెట్టి నగరాల్లో బ్రెడ్ కార్ఖానాలు నడిపింది. 2000 జనవరిలో ఆ సంస్థలో ఎక్కువ వాటాను హిందుస్థాన్ లీవర్‌కు అమ్మేశారు. డబల్ రొట్టె మైనపు కాగితంలో చుట్టుకుని బస్సెక్కి పల్లె కిరాణా కొట్టుకు చేరిన కాలం ఈ మధ్యలోదే.

సిరిసిల్ల వాళ్ళకు ఈ కథలో మొదటి సగం బాగా తెలుసు. ఇంటి మగ్గం మీది పని మరమగ్గాల షెడ్డుకు పోయింది, తిరిగి రాలేదు. రొట్టె విషయంలో మాత్రం కార్ఖానాకు పోయిన పని, యంత్రం రూపంలోనే ఇంటికి తిరిగి వచ్చింది. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన ఘట్టం అదే.

ఒసాకా కేంద్రంగా ఉన్న మత్సుషితా ఎలక్ట్రిక్, అంటే మనం నేషనల్, పానాసోనిక్ పేర్లతో ఎరిగిన కంపెనీ, 1984లో మూడు విభాగాలను కలిపేసింది. ఒకటి అన్నం కుక్కర్లది. ఒకటి టోస్టర్ల వంటి వేడి సాధనాలది. ఇంకోటి మోటారుతో తిరిగే సాధనాలది. కుక్కరు వాళ్ళకు కంప్యూటరు చిప్పుతో వేడిని అదుపు చేయడం తెలుసు, రెండోవాళ్ళకు కాల్చడం, మూడోవాళ్ళకు తిప్పడం తెలుసు. మూడూ కలిస్తే ఏమవుతుందని ఆలోచిస్తే వచ్చిన జవాబు బ్రెడ్ యంత్రం. ఆడవాళ్ళు ఉద్యోగాలకు వెళుతున్న ఇళ్ళల్లో, తేలిగ్గా చేసుకునే మంచి తిండి కావాలన్న ఆలోచన దాని వెనక ఉంది.

మొదట చేసిన నమూనాలో పైచెక్కు మాడింది, లోపల పచ్చిగా మిగిలింది. చేత్తో పిసికిన పిండినీ, యంత్రం పిసికిన పిండినీ ఎక్స్‌రే తీసి పోల్చి చూశారు. తేడా ఎక్కడుందో అంతుపట్టలేదు. అప్పుడు ఆ బృందంలో సాఫ్ట్‌వేర్ చూసే ఇకుకో తనాకా ఒక దారి చెప్పింది. ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్ రొట్టెకు ఊళ్ళో పేరుంది. అక్కడి పెద్ద రొట్టెకారు దగ్గర శిష్యరికం చేద్దామంది. చేసింది. ఆయన పక్కన నిలబడి పిండి పిసికింది. ఆయనను అడిగితే తన చేయి ఏం చేస్తున్నదో ఆయనే చెప్పలేడు. పోగా పోగా ఆమెకు తెలిసింది: ఆయన పిండిని సాగదీయడమే కాదు, సాగదీస్తూ మెలిపెడుతున్నాడు.

ఆ మెలికను ఇనుముకు నేర్పించడానికి ఇంజనీర్లకు చాలా కాలమే పట్టింది. చివరికి గిన్నె లోపలి గోడకు నిలువు గట్లు పెట్టారు. అడుగున రెక్క తిరిగితే పిండి ఆ గట్లకు ఆనుకుని ఆగుతుంది, సాగుతుంది, మెలి తిరుగుతుంది. ఇంట్లో బ్రెడ్ యంత్రం ఉన్నవాళ్ళు ఒకసారి గిన్నె లోపల వేలితో తడిమి చూడండి. చాలా గిన్నెల్లో ఆ గట్లు తగులుతాయి. ఒక రొట్టెకారు చేతివాటం అక్కడ లోహంలో ఉంది.

ఆ 'హోం బేకరీ' 1987లో 36,000 యెన్ల ధరకు బజారుకు వచ్చింది. మొదటి ఏడాదిలోనే 5,36,000 అమ్ముడయ్యాయి. తరవాత అమెరికాకూ, యూరప్‌కూ వెళ్ళింది. అంటే తరతరాలుగా రొట్టె కాల్చిన దేశాలకు, రొట్టె కాల్చడం వాళ్ళ నుంచి నేర్చుకున్నవాళ్ళు యంత్రం పంపారు.

అదే కంపెనీ పేరు అప్పటికే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెలకు తెలుసు. దుబాయి, మస్కట్, సౌదీ నుంచి వచ్చినవాళ్ళ అట్టపెట్టెల్లో నేషనల్ పానాసోనిక్ టేప్ రికార్డరు ఉండేది. 1988లో ఏర్పడిన ఇండో మత్సుషితా కంపెనీ మద్రాసులో అన్నం కుక్కర్లు చేయడం మొదలుపెట్టాక మన వంటిళ్ళకూ చేరింది. గల్ఫు క్యాంపుల్లో మనవాళ్ళ ఆకలి తీర్చింది మాత్రం యంత్రాల మీద లక్షల్లో తయారయ్యే కుబ్బూసు రొట్టె. కువైట్‌లో 1961లో పెట్టిన పిండి మిల్లులు, బేకరీల కంపెనీ ప్రభుత్వ రాయితీతో దాన్ని చవకగా అందిస్తుంది. మండే పొయ్యిలోకి వెళ్ళిన పలచటి పిండి నిమిషం తిరగకుండానే బుంగలా ఉబ్బి బయటికొస్తుంది. ఎడారి ఎండలో పనిచేసి వచ్చినవాడు దాన్ని పప్పులో ముంచుకుని తిని, మిగిలిన రూపాయిని ఇంటికి పంపాడు. జ్వరం తిండిగా ఉన్న గోధుమ రొట్టె రోజువారీ తిండి అయింది మనవాళ్ళకు మొదట అక్కడే. పెగడపల్లి వైపు బ్రెడ్డు చరిత్ర రాసేవాళ్ళెవరూ ఆ క్యాంపులను వదిలేయకూడదు.

ఇక యంత్రాన్ని ఇక్కడి ఇంట్లో నడిపే సంగతి. 400 గ్రాముల మైదాకు సుమారు 260 మిల్లీలీటర్ల నీళ్ళు, ఒకటిన్నర చిన్న చెంచాల ఉప్పు, అంతే పొడి ఈస్టు, కొద్దిగా చక్కెర, ఓ చెంచా వెన్న. తూచి వేయాలి. కళ్ళతో అంచనా వేసే అలవాటు కూరకు చెల్లుతుంది, దీనికి చెల్లదు, ఎందుకంటే మధ్యలో సరిదిద్దే చేయి లేదు. ఉప్పూ ఈస్టూ ఒకదానికొకటి తగలకుండా చెరో మూల పోయాలి. గిర్నిలో పట్టించిన గోధుమ పిండి వాడితే నీళ్ళు పెంచాలి. రాయి నలుపుడుకు పిండిలోని గంజి కణాలు చితికి నీళ్ళు ఎక్కువ తాగుతాయి. ఆ పిండిలోని పొట్టు గ్లూటెన్ వలను కోస్తుంది కాబట్టి రొట్టె మైదా రొట్టెంత ఎత్తుకు లేవదు. అది యంత్రం లోపం కాదు.

మన అసలు సమస్య ఎండ. జగిత్యాల జిల్లాలో మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. ఈస్టు 27, 30 డిగ్రీల దగ్గర నెమ్మదిగా, రుచిగా పనిచేస్తుంది. వంటింటి గాలే 40 ఉంటే పిండి గబగబా పొంగి, కాలే వేళకు సత్తువ లేక కుంగిపోతుంది. పగటి పూట ఫ్రిజ్ నీళ్ళు, లేదా రంజన్ నీళ్ళు పోసి, ఈస్టు తగ్గించాలి. తెల్లవారుజామున కాలేటట్టు రాత్రి టైమరు పెట్టుకోవడం ఇంకా మంచిది. జపాన్ బృందానికి ఇదే చిక్కు ఎదురైంది. కొన్ని చోట్ల ఎండ, కొన్ని చోట్ల చలి, పొంగు ఎక్కడా ఒకేలా ఉండదు. పిండి పిసికిన తర్వాత ఈస్టును ఆలస్యంగా కలిపే పద్ధతి అప్పుడే పెట్టారు. వేడిని అదుపు చేసే సాధనాలు లేని కాలంలో పాతవాళ్ళు అలాగే చేసేవారట. కొన్ని యంత్రాల మూతలో కనిపించే ఈస్టు చిన్న గిన్నె ఆ ఆలోచన ఫలమే.

కరెంటు పోతే ఏమవుతుందో కొనేముందే అడగాలి. కొన్ని యంత్రాలు కొద్ది నిమిషాల దాకా ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుంటాయి. అంతకు మించితే మొదటి నుంచి తిప్పడమో, పిండిని తీసి పెంక మీద కాల్చడమో. చిన్న ఇన్వర్టరు మీద దాని హీటరును నడపగలరో లేదో కూడా చూసుకోవాలి. 500, 600 వాట్ల సాధనం ఇది. మన దేశంలో కెంట్ కంపెనీ అమ్మే యంత్రం చపాతీ పిండి కూడా కలుపుతుంది. ఇక్కడి ఇళ్ళకు అది తెలివైన మార్పు అని నా అభిప్రాయం. బ్రెడ్డు వారానికొకసారి, చపాతీ పిండి రోజూ కావాలి.

వరి పండించేవాళ్ళు తెలుసుకోవలసిన మరో యంత్రం ఉంది. 2010 నవంబరులో జపాన్‌లో సాన్యో కంపెనీ 'గోపాన్' అనే బ్రెడ్ యంత్రం తెచ్చింది. దానిలో పిండి వేయనక్కర్లేదు, 220 గ్రాముల బియ్యం వేస్తే చాలు. నానబెట్టి, తానే రుబ్బి, 50 గ్రాముల గ్లూటెన్, ఈస్టు కలుపుకుని కాల్చేస్తుంది. జనం ఎగబడి, కంపెనీ కొన్నాళ్ళు కొత్త ఆర్డర్లు తీసుకోవడం ఆపేసింది. సాన్యో పానాసోనిక్‌లో కలిసిపోయాక వాళ్ళు దాన్ని కొనసాగించారు. బియ్యం వాడకం పడిపోతున్న దేశంలో బియ్యానికి కొత్త దారి చూపాలన్న తపన దాని వెనక ఉంది. జగిత్యాల పక్కనే పొలాస పరిశోధన కేంద్రం నుంచి జేజీఎల్ 1798, మనం జగిత్యాల సన్నాలు అనే వరి వంగడం వచ్చింది. నానబెట్టి రుబ్బడం మనకు దోశ పిండితోనే అలవాటు. ఇంత బియ్యం పండే తెలంగాణలో అలాంటి ప్రయత్నం జరగాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఇక జొన్న. జొన్నలో గ్లూటెన్ లేదు కాబట్టి బ్రెడ్ యంత్రం దాన్ని పొంగించలేదు. వేణ్నీళ్ళు పోసి గంజిని జిగురుగా మార్చి, ఆ జిగురు వదలకముందే అరచేత్తో తట్టి పలచన చేయాలి. సింగపూర్‌లో 2008లో ప్రణోతి నాగర్కర్, ఆమె భర్త రిషి ఇస్రానీ మొదలుపెట్టిన కంపెనీ చపాతీలు చేసే రోటీమాటిక్ తెచ్చింది. విదేశాల్లోని మనవాళ్ళ ఇళ్ళకూ అది చేరింది. కానీ వేణ్నీళ్ళు పోయడం నుంచి తట్టి కాల్చేదాకా జొన్న రొట్టెను చేతి పద్ధతిలో చేసే ఇంటి యంత్రం నేను చూడలేదు. అది కావాలి. చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళు రాత్రికి అన్నం మాని జొన్న రొట్టెకు తిరుగుతున్నారు, రొట్టె తట్టే వయసు దాటినవాళ్ళు ఇళ్ళల్లో ఒంటరిగా ఉంటున్నారు. కరీంనగర్, జగిత్యాల వంటి ఊళ్ళలో సాయంత్రం రోడ్డు పక్కన పొయ్యి పెట్టి జొన్న రొట్టెలు చేసి అమ్మే ఆడవాళ్ళ దగ్గర ఒక ఇంజనీరు కొన్ని నెలలు నిలబడాలి. ఒసాకాలో తనాకా నిలబడ్డట్టు, పక్కన పీట వేసుకుని, పిండిలో తన చేయి కూడా పెట్టి.