జున్ను

ఆవు లేదా గేదె ఈనిన తరువాత మొదటి కొద్ది రోజులలో ఇచ్చే చిక్కటి పాలను ఆవిరిపై ఉడికించి తయారుచేసే తీపి పదార్థాన్ని జున్ను అంటారు. ఆ పాలను జున్నుపాలు లేదా ముర్రుపాలు అని వ్యవహరిస్తారు. పాఠ్యపుస్తకాలలోను, అనువాదాలలోను చీజుకు కూడా జున్ను అనే మాటను వాడటం వలన ఈ రెండూ ఒకటేనన్న అపోహ ఏర్పడింది. అయితే ఇవి వేర్వేరు పదార్థాలు. ఈ వ్యాసం తెలుగువారి జున్ను గురించినది.

చీజుకు, జున్నుకు గల భేదం

చీజు తయారీలో పాలను విరగ్గొట్టడానికి దూడ పొట్ట నుండి తీసిన రెన్నెట్ గాని, ఆమ్లం గాని కావాలి. అప్పుడు పాలలోని కేసీన్ గడ్డకడుతుంది. నీటిని పిండివేసి, ఉప్పువేసి, కొన్ని రకాలను నెలల తరబడి మాగబెడతారు. జున్నుకు ఇవేవీ అవసరం లేదు. సాధారణ పాలలో ప్రొటీను సుమారు 3 నుండి 4 శాతం ఉంటే, ఆవు తొలిసారి ఇచ్చే పాలలో అది 14 శాతం వరకు ఉంటుంది. ఇందులో అధికభాగం రోగనిరోధక ప్రొటీనులు. ఇవి వేడి తగలగానే కోడిగుడ్డు తెల్లసొన వలె గట్టిపడతాయి. జున్నుపాలను తిన్నగా పొయ్యిమీద కాచితే విరిగి ముద్దకట్టేది ఇందువల్లనే.

ఇతర ప్రాంతాలలో

కన్నడంలో దీనిని గిణ్ణు అనీ, మరాఠీలో ఖర్వస్ అనీ పిలుస్తారు. తమిళంలో ముర్రుపాలను సీంపాల్ అంటారు. ఉప్పునీటిలో నిలవచేసే తెల్ల చీజుకు పేరుపొందిన టర్కీలో సైతం ముర్రుపాలను తినే అలవాటు ఉంది. అక్కడ వీటిని ఆఉజ్ అంటారు. ఆ మాటకు నోరు అనే అర్థం కూడా ఉండటం విశేషం. టర్కీవారు చీజుకు వాడే పెయ్‌నిర్ అనే పదము, మనం వాడే పనీర్ అనే పదము రెండూ పర్షియన్ భాష నుండి వచ్చినవే.

తయారీ విధానం

మొదటిరోజు పాలు మిక్కిలి చిక్కగా ఉంటాయి కనుక ఒక గ్లాసుకు రెండు లేక మూడు గ్లాసుల మామూలు పాలు కలుపుతారు. రెండవరోజు పాలకు సమానంగా కలిపితే చాలు. మూడవరోజు పాలకు కలపనవసరం లేదు. బెల్లాన్ని చల్లని పాలలోనే కరిగించి, వడకట్టి, మిరియాల పొడి, యాలకుల పొడి వేస్తారు. ఈ గిన్నెను నీళ్ళు పోసిన పెద్ద పాత్రలో ఉంచి, మూతపెట్టి, సుమారు అరగంట ఆవిరిపై ఉడికించాలి. మధ్యలో కలియబెట్టరాదు. ఆవు జున్ను పచ్చగాను, గేదె జున్ను తెల్లగాను ఉంటుంది. బెల్లం వేస్తే రెండూ గోధుమరంగుకు తిరుగుతాయి. ముర్రుపాలను పచ్చిగా తాగడం మంచిది కాదు.

దూడ వాటా

పుట్టిన దూడ రక్తంలో రోగనిరోధక ప్రొటీనులు దాదాపుగా ఉండవు. పశువులలో అవి మాయ ద్వారా పిల్లకు చేరవు, ముర్రుపాల ద్వారానే అందాలి. దూడ పేగులు వాటిని నేరుగా గ్రహించే శక్తి ఒక రోజులోపే నశిస్తుంది. అందువలన మొదటి కొద్ది గంటలలోనే దూడ బరువులో పదవ వంతు పాలు దానికి పట్టించాలని పశువైద్యులు చెబుతారు. అనగా 30 కిలోల దూడకు సుమారు 3 లీటర్లు. మిగిలినవే జున్నుకు. తొలి పితుకును ఇంటికి తెచ్చుకొని, దూడకు తరువాత చూద్దామనుకొనే అలవాటు దూడల మరణాలకు దారితీస్తుంది.

అమ్మకాలు

పల్లెలలో జున్నుపాలు ప్రధానంగా పంచిపెట్టుకొనే వస్తువు. చిలకలూరిపేట చుట్టుప్రక్కల పసుమర్రు, బొప్పూడి, కావూరు వంటి గ్రామాలలో పత్తి, మిరప, పొగాకు సేద్యంతో పాటు పాడి కూడా ఉంది. ఇటువంటి చోట గేదె ఈనిందంటే ఇరుగుపొరుగుకు చెంబెడు పాలు వెళ్ళవలసిందే. పట్టణవాసికి తెలిసిన పాడిరైతు ఉంటే తప్ప ఇవి దొరకడం కష్టం. డైరీల ప్యాకెట్లలో ఇవి రావు. పాలలో ముర్రుపాలు కలిసి ఉండరాదని 2011 నాటి ఆహార భద్రతా నియమాలు కూడా చెబుతున్నాయి. అవి కలిస్తే కాచేటప్పుడు పాలన్నీ విరిగిపోతాయి.

ఈ కొరత మూలంగానే మిఠాయి దుకాణాలలోను, స్టీలు గిన్నెలతో వీధులలో తిరిగి అమ్మేవారి వద్దను దొరికే జున్ను అంతా అసలైనది కాదు. మామూలు పాలలో చైనా గ్రాస్ వేసి గడ్డకట్టించినది కూడా జున్ను పేరుతోనే చెలామణి అవుతుంది. అది తినకూడనిదేమీ కాదు గాని, జున్ను ధర ఇచ్చి కొనదగినది కాదు. అసలు జున్నులో సన్నని రంధ్రాలుంటాయి, చెంచాతో నొక్కితే నీరు ఊరుతుంది. చైనా గ్రాస్‌తో చేసినది అద్దంలా నున్నగా తెగుతుంది. అనుమానముంటే చిన్న ముక్కను గిన్నెలో బాగా వేడిచేయాలి. చైనా గ్రాస్ ముక్క కరిగి మరల పాలవుతుంది, జున్ను కరగదు. కోడిగుడ్డు కలిపినది కూడా కరగదు కనుక దానిని వాసనతోనే పట్టుకోవాలి.

అసలైన జున్నును ఫ్రిజ్‌లో ఉంచి రెండు రోజులలోపు తినివేయాలి.