డబుల్ మీనింగు: నవ్వేదెవురు, తలొంచుకునేదెవురు?

బుడ్డలు ఇడిపించేకాడ రొంతసేపు కూకుంటే తెలుస్తాది, మన అనంతపురం ఆడోళ్లకు మాటలో రెండర్థాలు పెట్టేది ఎవురూ నేర్పించాల్సిన పని ల్యాదని. ఒకాయమ్మ పొడుపు కత ఏస్తాది. ఇనేదానికి పచ్చి బూతు. మనం సిగ్గుపడి నోరు మూసుకుంటే, "నీ బుద్ధి యాడికి పాయె? అది రోలూ రోకలి కదప్పా" అని అందరూ పడి పడి నవ్వుతారు. బూతు ఆయమ్మ నోట్లో ల్యా, ఇన్నోళ్ల తలకాయలో ఉండాది. డబుల్ మీనింగు పని చేసేది ఇట్లనే.

పుస్తకాల్లో దీని పేరు శ్లేష. మాటను ఇరగ్గొట్టకుండానే రెండర్థాలొస్తే అభంగ శ్లేష. మన సీమలో పండ్లంటే చెట్టుకుండేవీ, నోట్లో ఉండేవీ. "తాత పండ్లన్నీ రాలిపాయె" అంటే తోట సంగతా, నోటి సంగతా? మాటను ఇరగ్గొడితే రెండో అర్థం వచ్చేది సభంగ శ్లేష. మాకందం అంటే మామిడి. 'మాకు అందం' అని ఇడదీస్తే అర్థం మారిపాయె. తెలుగులో మాటలు ఒకదానికొకటి అతుక్కుంటాయి గాబట్టి ఈ ఆట బాగా కుదుర్తాది. 16వ శతాబ్దంలో పింగళి సూరన ఈ కిటుకుతోనే 'రాఘవపాండవీయం' రాసినాడు. అవే పద్యాలు ఒక పక్క రామాయణం చెప్తాయి, ఇంకో పక్క భారతం చెప్తాయి. దేవుని కతకు పనికొచ్చిన కిటుకే సరసానికీ పనికొచ్చింది, సినిమా పాటకూ పనికొచ్చింది.

మోటు సరసం మనకు సినిమాతో రాలేదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలనే సూడండి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చినారు. బొమ్మలాటలో రాముడు, రావణుడి నడమ జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు తెర మీదికొస్తారు. జనాల నిద్ర మత్తు ఇడిపించేది వీళ్ల జోకులే. పోలిగాడు ఒకటంటే బంగారక్క రెండంటాది. ఆమెకు కూడా నోరుండాది, అందుకే ఆ నవ్వు ఎవురికీ గుచ్చుకోదు.

ఆడది నోరు తెరిస్తే ఏమైతాదో ముద్దుపళని కత చెప్తాది. 18వ శతాబ్దంలో తంజావూరు రాజు ప్రతాపసింహుని కొలువులో ఉన్న ఆమె 'రాధికాసాంత్వనం' రాసింది. అందులో రాధ తన కోరికను తన నోటితోనే చెప్పుకుంటాది. కందుకూరి వీరేశలింగం దాన్ని పచ్చి బూతని తిట్టినారు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని పూర్తిగా అచ్చేయించి, సిగ్గు ఆడోళ్లకేనా, మగోళ్లకు ల్యాదా అని నిలదీసింది. మగ కవులు అంతకు మించి రాసిన పుస్తకాలు నిక్షేపంగా చదువుతాండారు గదా అనింది. తెల్లోళ్ల సర్కారు ఈమె పుస్తకాన్ని నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం చొరవతో ఆ నిషేధం పోయింది.

ఆ గొడవ ఇంకా తెగలేదు. 2021లో 'పుష్ప' సినిమాలో సమంత ఆడిన పాటను చంద్రబోస్ రాసినాడు. అందులో ఎగతాళంతా మగోళ్ల సూపు మీదే. మగోళ్ల సంఘమొకటి అవమానమని కేసు పెట్టింది. దానికి ముందు ఎన్నేండ్లుగానో ఐటం పాటల్లో ఆడోళ్ల ఒళ్లును పండుతోనో, బండితోనో, కోడితోనో పోలుస్తాంటే ఆ రోషం యాడ పోయింది?

అందుకే నేననేది, పాటలో రెండర్థాలుండేది తప్పు కాదు. తిరిగి మాటనే సందు ఎదుటి మనిషికి ఉండాదా ల్యాదా అనేదే సూడాల. బుడ్డల కాడ అందరూ సమానమే, ఎవురైనా తిరిగి అనొచ్చు. కాలేజీ బస్సులో ఒక పాప మొగం సూసి అదే పాట పాడితే, ఆ పాప తలొంచుకోవాల్సిందే గానీ తిరిగి అనలేదు. ఊర్లో పిల్ల ఫోటోకు ఆ పాట తగిలించి రీల్ పెట్టేదీ అంతే. "పాటే కదన్నా" అంటే కుదరదు. భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షను కింద, నలుగురు తిరిగే చోట ఎదుటోళ్లకు ఇబ్బందయ్యేటట్ల అశ్లీల పాట పాడితే 3 నెలల దాకా జైలు, 1000 రూపాయల దాకా జరిమానా, ల్యాకుంటే రెండూ. ఆడోళ్ల గౌరవం తీయాలని మాటన్నా, సైగ చేసినా 79వ సెక్షను కింద 3 ఏండ్ల దాకా జైలు.

మన అవ్వల పొడుపు కతలను బూతని దాసిపెట్టొద్దు. ఫోన్లో రికార్డు చేసిపెట్టుకోండి, వాళ్లతోనే పోతాండాయి అవి. ఈసారి జాతరలో పాట పెట్టేటప్పుడు మాత్రం ఒక్కసారి సుట్టూ సూడండి. ఆడోళ్లు కూడా నవ్వుతాండారంటే అది సరసం. వాళ్లు లేసి ఇంటికి పోతాండారంటే ఆ పాట ఆపేయండి.