సూటు ఆల్టరేషన్

ఒళ్లు తగ్గి వదులైన కోటు, ప్యాంటుల కుట్లు విప్పి, కొత్త కొలతలకు బిగించి కుట్టడం ఒక రకం సూటు ఆల్టరేషన్. దర్జీ మనిషి ఒంటి మీదే సుద్దతో గీసి, గుండుసూదులు గుచ్చి కొలత నిర్ణయిస్తాడు. కోటు నడుమును పక్క కుట్ల దగ్గర, వీపు నడిమి కుట్టు దగ్గర లోపలికి తీస్తారు. ప్యాంటు నడుమును వెనక కుట్టు వద్ద తగ్గిస్తారు. సుమారు 2 అంగుళాలు మించితే వెనక జేబులు దగ్గరకు జరిగి ఆకారం చెడుతుంది. అన్నింటికన్నా కష్టమైనది భుజం సరిచేయడం: కోటు చేతులు ఊడదీసి, ప్యాడ్లు, లైనింగ్ సరిచేసి తిరిగి అతకాలి. భుజం మరీ జారిపోయిన కోటుకు ఆల్టరేషన్ కన్నా కొత్తది కుట్టించడమే మేలు. మిగులు గుడ్డను కత్తిరించకుండా లోపల మడిచి ఉంచితే, బరువు పెరిగినప్పుడు మళ్లీ వదులు చేయవచ్చు.