నల్లమందు, వెండి, రైతు: చింగ్ చైనాపై నిషిద్ధ వ్యాపారం మోపిన భారం

మత్తుపదార్థాల వల్ల సమాజానికి కలిగే నష్టాన్ని సాధారణంగా వాటిని వాడేవారి సంఖ్యతోనూ, వారి అనారోగ్యంతోనూ అంచనా వేస్తారు. ఈ కొలమానం చాలదని 19వ శతాబ్ది పూర్వార్ధపు చైనా చరిత్ర తెలియజేస్తుంది. అక్కడ నల్లమందు ముట్టని రైతు కూడా దాని మూల్యం చెల్లించాడు.

పొగతాగేందుకు నల్లమందు అమ్మడాన్ని యోంగ్‌జెంగ్ చక్రవర్తి 1729లోనే నిషేధించాడు. అయినా సరుకు రాక ఆగలేదు. ఈస్టిండియా కంపెనీ తన గుత్తాధిపత్యంలోని బీహారు, బనారసు నల్లమందును కలకత్తాలో వేలం వేసేది. దానిని కొన్న ప్రైవేటు వర్తకులు కాంటన్ సమీపంలోని లింటిన్ దీవికి చేర్చేవారు. అక్కడినుంచి సరుకు దొంగచాటుగా తీరం చేరేది. మాల్వా సరుకు బొంబాయి మీదుగా వెళ్లేది. శతాబ్ది ఆరంభంలో ఏటా సుమారు 4,000 పెట్టెలున్న దిగుమతి 1830ల చివరికి 40,000 పెట్టెలకు చేరువైంది.

ఈ సరుకుకు చెల్లింపు ప్రధానంగా వెండిలో జరిగేది. చైనా రైతు ధాన్యం అమ్మి రాగి నాణేలు పొందేవాడు. భూమిశిస్తు మాత్రం వెండి లెక్కన నిర్ణయమయ్యేది. ఒక టేల్ వెండికి అధికారిక మారకం 1,000 రాగి నాణేలు. అది 1,600 దాటిందని 1838లో హువాంగ్ జ్యుజీ చక్రవర్తికి విన్నవించాడు. అంటే శిస్తు రేటు మారకపోయినా రైతు అధికారిక మారకం కంటే 60 శాతం అధికంగా నాణేలు సమకూర్చుకోవలసివచ్చింది. ఉప్పును రాగికి అమ్మి, పన్నును వెండిలో కట్టే వర్తకులదీ ఇదే దుస్థితి.

వెండి కొరతకు నల్లమందు ఒక్కటే కారణం కాదు. లాటిన్ అమెరికా స్వాతంత్ర్య పోరాటాల కాలంలో వెండి ఉత్పత్తి తగ్గడాన్ని చరిత్రకారిణి లిన్ మన్-హోంగ్ ముఖ్య కారణంగా చూపారు. రాగి నాణేల నాణ్యత దిగజారడం కూడా మారకాన్ని ప్రభావితం చేసింది. అయితే బయటినుంచి వెండి రాక సన్నగిల్లిన సమయంలోనే నల్లమందు దేశంలోని వెండిని బయటికి తరలించడం సంక్షోభాన్ని తీవ్రతరం చేసింది.

ఆనాటి విధాన చర్చ కూడా వెండి చుట్టూనే సాగింది. నల్లమందును చట్టబద్ధం చేసి, సుంకం విధించి, వస్తుమార్పిడికే పరిమితం చేయాలని 1836లో షూ నైజీ సూచించాడు. వాడకందారులకు మరణశిక్ష విధించాలని హువాంగ్ కోరాడు. దావ్‌గ్వాంగ్ చక్రవర్తి కఠిన మార్గాన్నే ఎంచుకున్నాడు. 1839లో లిన్ జెషూ హుమెన్ వద్ద 20,000కు పైగా పెట్టెల సరుకును నాశనం చేయించాడు. యుద్ధంలో ఓడిన చైనా 1842 నాంకింగ్ సంధి ప్రకారం 2 కోట్ల 10 లక్షల వెండి డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. అందులో 60 లక్షలు ఆ నల్లమందుకు పరిహారమే. 1858 సుంకాల ఒప్పందంతో నల్లమందు దిగుమతి చట్టబద్ధమైంది.

నిషిద్ధ వ్యాపారపు లాభం కొద్దిమంది వర్తకులకూ, కంపెనీ ఖజానాకూ చేరింది. దాని భారం మాత్రం మారకపు రేటు ద్వారా, ఆ వ్యాపారంతో సంబంధమే లేని పల్లెలకు పాకింది. వాడకందారుల లెక్కలకే పరిమితమైన అధ్యయనానికి ఈ భారం కనిపించదు.